క్లిక్‌మన్నాక పోసిన పెట్రోలు

ట్రక్కు నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళుగా చెబుతున్నా అమెరికాలోని ఈ అల్ఫారెట్టాలో మనవాళ్ళలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. కొన్నది నేను, నా జీతంతో. కాగితాల మీద ఉన్నది నా పేరు. కడిగేదీ నేనే, ఆయిల్ మార్పించేదీ నేనే, టైర్లలో గాలి చూసుకునేదీ నేనే. అయినా అందరి నోటా అది "మీ ఆయన ట్రక్". మొదట్లో సరిదిద్దేదాన్ని. సరిదిద్దినప్పుడల్లా నేనేదో సరదాకి అన్నట్టు నవ్వేవాళ్ళు. తర్వాత మానేశాను. మానేశానే గానీ, విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతూనే ఉంది.

ఈ దేశం వచ్చిన కొత్తల్లో నాది డిపెండెంట్ వీసా. మొగుడి ఉద్యోగానికి తోకలా వచ్చే వీసా అన్నమాట. చదువుంది, ఓపికుంది, పని చెయ్యడానికి మాత్రం వీల్లేదు. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, దులిపిన సోఫానే మళ్ళీ దులిపాను. ఆయన కొత్త కారు కొన్నప్పుడల్లా పాతది నాకొచ్చేది. గ్రీన్ కార్డ్ వచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం దొరికింది. మొదటి ఏడాది జీతంలో దాచుకున్నదంతా పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్ కొన్నాను. ముదురు నీలం రంగు, వెనక పొడుగాటి తొట్టి. పెరట్లో గోంగూర, బెండ, ఆనప పెంచే పిచ్చి నాకుంది. మట్టి, ఎరువు, పందిరి కర్రలు తెచ్చుకోవడానికి అంతకన్నా మంచి బండి ఏముంటుంది? పైగా అంత ఎత్తు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తుంటే నాకు చాలా బాగుంటుంది. అసలు కారణం అదే, దాచుకోవడం దేనికి.

మనవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "శుభ్రంగా ఎస్‌యూవీ తీసుకోకుండా ఇదేమిటండీ, కాంట్రాక్టర్‌లాగా" అని పుట్టినరోజు పార్టీలో ఒకావిడ నలుగురిలో నవ్వింది. నెల తిరక్కుండానే వాళ్ళాయన మా ఆయనకి ఫోన్ చేశారు, సోఫా తెచ్చుకోవాలి, మీ ట్రక్ ఒకసారి ఇస్తారా అని. మా ఆయన "అయ్యో, దానికేం భాగ్యం, తీసుకెళ్ళండి" అన్నారు. నేను పక్కనే బియ్యం కడుగుతున్నాను. నా వైపు చూడను కూడా లేదు. తాళం కొక్కానికి ఉంది, తీసి ఇచ్చేశారు.

ఆ రోజుతో ట్రక్కు ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. మా ఆయనది మంచి మనసని నలుగురిలోనూ పేరొచ్చింది.

అందరికన్నా ఎక్కువగా వాడింది బాబాయి గారు. చుట్టరికం ఏమీ లేదు, పెద్దాయన కాబట్టి అలా పిలుస్తాం. మనవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో ఇక్కడికొచ్చిన పిల్లల డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు. ఆగస్టు వచ్చిందంటే చాలు, ఇండియా నుంచి చదువుకోవడానికి దిగేవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగి పాత పరుపులూ బల్లలూ కుర్చీలూ పోగుచేసి వాళ్ళ అపార్ట్‌మెంట్లలో దింపి వస్తారు. గుళ్ళో అన్నదానమైతే గంగాళాలు మోస్తారు. చాలా మంచి మనిషి. అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డవాడి మీద కోపమొస్తే తిట్టుకోవచ్చు. మంచివాడి మీద కోపమొస్తే తప్పు మనదే అవుతుంది.

బాబాయి గారికి ఒక పద్ధతి ఉంది. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వరు. నేను పులుసు పంపిస్తే ఆ డబ్బాలో నిమ్మకాయలో, బెల్లం ముక్కో, కనీసం నాలుగు కరివేపాకు రెబ్బలో వేసి పంపిస్తారు. మా అమ్మా అలాగే చేసేది, మీ ఇంట్లోనూ చేస్తూ ఉంటారు. ఆయన నా ట్రక్కుని కూడా గిన్నెల్లోనే జమ కట్టారు. వాడుకున్నాక ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించిగానీ తెచ్చేవారు కాదు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అదే నేర్చుకున్నారు. తెచ్చి, తాళం మా ఆయన చేతికిచ్చి, "మీ ట్రక్ చాలా ఉపకారం చేసిందండీ" అని చెప్పి వెళ్ళేవారు. ఆ పూట మా ఇంట్లో లడ్డూలో, జంతికలో ఉండేవి. అవి కూడా ఆయన చేతికే.

కిందటి ఆగస్టులో పరుపుల మోత అయిపోయిన మర్నాడు ట్రక్కు తీద్దామంటే స్టార్టవకుండా మొరాయించింది. గుర్రుగుర్రుమని తిరిగి, దగ్గి, చివరికి ఎలాగో అందుకుంది. అందుకున్నాక డాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. ఆ లైటు వెలుగుతుండగానే ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. మా దగ్గర అలా కుదరదు. జార్జియాలో నంబర్ ప్లేటు మీది స్టిక్కర్ గడువు బండి యజమాని పుట్టినరోజుతో తీరిపోతుంది. కొత్త స్టిక్కర్ కావాలంటే అంతకుముందే ఎమిషన్స్ టెస్ట్ పాసవ్వాలి, అంటే బండి గాలిని పాడుచెయ్యడం లేదని తేలాలి. ఆ పసుపు లైటు వెలుగుతుంటే ఫెయిలే, ఇంకో మాట లేదు. నా పుట్టినరోజు సెప్టెంబరులో.

మా ఆయనకి చూపించాను. చూసీ చూడగానే "గ్యాస్ క్యాప్ సరిగ్గా బిగించి ఉండవు" అన్నారు. ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు, అంటే ట్యాంకు మూత అన్నమాట. అంతకుముందు రోజంతా ట్రక్కు నడిపింది బాబాయి గారు. క్యాప్ బిగించనిది మాత్రం నేను. సరే, కొత్త క్యాప్ తెచ్చి పెట్టాం. లైటు అలాగే ఉంది.

ఆదివారం ఆయన గరాజ్‌లోకి వెళ్ళి బ్యాటరీ వైరు ఊడదీసి, కాఫీ తాగి వచ్చి, మళ్ళీ తగిలించారు. లైటు పోయింది. "చూశావా, రీస్టార్ట్ చేస్తే సగం ప్రాబ్లమ్స్ వాటంతట అవే పోతాయి" అన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ సర్వర్లు చూసుకునే మనిషి. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం. మా వాళ్ళలో సగంమంది ఇదే వైద్యం చేస్తారు, చేసి టెస్ట్‌కి వెళ్తారు. నేనూ వెళ్ళాను.

టెస్ట్ చేసే చోట ఒకమ్మాయి ఉంది. స్టీరింగ్ కింద వైరు పెట్టి, తెర చూసి, తల అడ్డంగా ఊపింది. బ్యాటరీ ఎవరైనా తీశారా అని అడిగింది. తీశారని చెప్పాను. బ్యాటరీ తీస్తే బండిలో ఉన్న కంప్యూటర్ అంతా మరిచిపోతుందట. మళ్ళీ రోజూ నడుపుతుంటే ఒక్కొక్క భాగాన్నీ అదే సరిచూసుకుంటుంది. ఒకటి మిగిలిపోయినా ఫరవాలేదు, అంతకు మించి మిగిలితే పరీక్షే చెయ్యరు. "చాలామంది ఇలాగే వస్తారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దొంగలెక్క చేసి పట్టుబడ్డట్టు తలొంచుకుని బయటికొచ్చాను. చేసింది నేను కాదు, మాట పడింది నేను.

ఆ వారంలోనే లైటు మళ్ళీ వచ్చింది. మా ఆయన ఈసారి ఎక్కువ ఆలోచించలేదు. "ఇంక దీంతో పడలేం. పుట్టినరోజులోపు పాసయితే సరే, లేకపోతే ట్రేడ్-ఇన్ చేసేద్దాం. డీలర్‌తో మాట్లాడాను కూడా. నీకు మంచి కారు తీసుకుందాం" అన్నారు.

మాట్లాడేశారట. నా ట్రక్కు గురించి, నన్ను అడక్కుండా, ఎవరితోనో మాట్లాడేశారు. "నా బండిని అమ్మడానికి మీరెవరు?" అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "నీ కోసమే కదా, ఎందుకలా విరుచుకుపడతావు" అన్నారు. ఆ ఆశ్చర్యం చూశాక నాకు కడుపు మండిపోయింది. పెత్తనం చేస్తున్నానని తెలిసి చేసేవాడితో పోట్లాడొచ్చు. ఆయనకి ఆ సంగతే తెలీదు. అయినా మాట మాత్రం నిలబడిపోయింది. సెప్టెంబరులో నా పుట్టినరోజు లోపు ఆ లైటు ఆరి పరీక్ష పాసయితే ట్రక్కు నాకుంటుంది, లేకపోతే ఉండదు.

రిపేరు షాపుకి తీసుకెళ్దామంటే "నేనూ వస్తాను, నిన్ను ఒక్కదాన్నే చూస్తే బోల్తా కొట్టిస్తారు" అన్నారు. వచ్చారు. షాపాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఎప్పటి నుంచి, ఎలా జరుగుతోందో నేను చెప్పాను. ఆయన నా మాట విని మా ఆయనకి జవాబు చెప్పాడు. పెట్రోలు నింపిన వెంటనే స్టార్టవదు, మిగతా రోజుల్లో బాగానే ఉంటుంది, దానికి కారణమేమిటని అడిగాను. ఆయన మా ఆయన మొహంలోకి చూస్తూ, పాత బండి కదా, ట్యాంకూ పైపులూ మొత్తం సిస్టమ్ మార్చాలి, ఇంత పాతదానికి అంత పెట్టడం దండగ అన్నాడు. మా ఆయన గంభీరంగా తలాడించారు. వాళ్ళిద్దరూ ట్రక్కు గురించి మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

నా ఉద్యోగమే తప్పులు పట్టడం. ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ చెడుతుందో వెతికి చూపించడం. ఆ పనిలో మొదటి నియమం ఒకటే. చెడింది అంటే సరిపోదు, ఏం చేస్తే చెడుతుందో కనిపెట్టి, అదే మళ్ళీ చేసి, మళ్ళీ చెడగొట్టి చూపించాలి. చూపించలేకపోతే "నా మెషిన్‌లో బాగానే ఉందే" అని ప్రోగ్రామ్ రాసినవాడు చేతులు దులుపుకుంటాడు. రోజంతా ఆఫీసు కోసం చేసే పని నా బండికి ఎందుకు చెయ్యకూడదనిపించింది. అప్పటిదాకా ఎందుకు అనిపించలేదో తల్చుకుంటే నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు ట్రక్కు తీసుకెళ్ళి నేనే నిండా పెట్రోలు కొట్టించి, అక్కడే స్టార్ట్ చేశాను. దగ్గింది. ఇంకో రోజు, ట్యాంకు కాస్త తగ్గాక, పెట్రోలు పొయ్యకుండా ఆపి స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకి అందుకుంది. అంటే గొడవ నింపిన వెంటనే. కంప్యూటర్‌లోని తప్పులు చదివే చిన్న పరికరం ఒకటి కొని పెడితే, పర్జ్ వాల్వ్ వైపు చూడమని చెప్పింది.

ఆ వాల్వ్ కథ పెద్దదేమీ కాదు. ట్యాంకులో పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బాలో పోగవుతుంది. ఇంజన్ వేడెక్కాక తనకి కావలసినప్పుడు ఈ వాల్వ్ తెరిచి ఆ ఆవిరిని లాక్కుని కాల్చేసుకుంటుంది. మిగతా సమయమంతా అది మూసుకుని ఉండాలి. తెరుచుకుని ఉండిపోతే, ట్యాంకు నింపగానే ఆవిరంతా ఒక్కసారిగా ఇంజన్ గొంతులో పడుతుంది, బండి ఉక్కిరిబిక్కిరైపోతుంది. షాపాయన మార్చాలన్న మొత్తం సిస్టమ్‌లో చెడింది పిడికిలంత కూడా లేని ఒక్క ముక్క కావచ్చు.

కావచ్చు అంటే చాలదు కదా. ఒక శనివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, వాల్వ్‌కి డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. వేలిని పీల్చింది. దాని కరెంటు వైరు కూడా పీకేసి వేలు మళ్ళీ పెట్టాను. అప్పుడూ పీల్చింది. కరెంటు లేనప్పుడు మూసుకుని తీరాల్సిన తలుపు బార్లా తెరుచుకుని ఉంది. అంత కోపంలోనూ నాకు పట్టరాని సంతోషమేసింది. దొరికింది దొంగ.

కొత్త వాల్వ్ తెప్పించి వాకిట్లోనే మార్చాను. వైరు కొనకి ఉండే ఎర్ర గొళ్ళెం ఎండకి పెళుసెక్కి చేతిలో విరిగింది. గొట్టాల క్లిప్పులు రామని భీష్మించుకున్నాయి. చెయ్యి పట్టని సందులో బోల్టు. మణికట్టు దాకా గీసుకుపోయింది, నా ఓపికంతా జారిపోయింది. తెలుగులో నాకు తెలిసిన తిట్లన్నీ వాడేశాను, ఆ ఇంజన్‌కి ఒక్కటీ తగిలినట్టు లేదు. సరిగ్గా అప్పుడే వాకింగ్‌కి వెళ్తున్న మా పక్క వీధి తెలుగావిడ ఆగి, జాలిగా చూసి, "అయ్యో, మీవారు ఊళ్ళో లేరా?" అంది. ఉన్నారు, లోపల క్రికెట్ చూస్తున్నారు అని చెప్పాను. ఆవిడ ఇంకా జాలిపడి వెళ్ళిపోయింది.

ఊడదీసిన పాత వాల్వ్‌ని తిరగేస్తే చేతిలో పెట్రోలు చుక్కలు పడ్డాయి. ఆవిరి మాత్రమే రావాల్సిన చోట పచ్చి పెట్రోలు. అదెలా వచ్చిందని వెతికితే ప్రతిచోటా ఒకటే రాసి ఉంది. ట్యాంకు నిండి పంపు తనంతటదే క్లిక్‌మని ఆగిపోయాక ఇంకా పోస్తే, చోటు లేక ఆ పెట్రోలు ఆవిరి గొట్టంలోకి ఎక్కుతుంది. బొగ్గు తడిసిపోతుంది, వాల్వ్ చెడిపోతుంది. ఇక్కడ బంకుల్లో ఎవరి పెట్రోలు వాళ్ళే పోసుకోవాలి. నాకు ఆ వాసన పడదు, క్లిక్‌మనగానే ఆపేస్తాను. మరి ఎవరు పోస్తున్నారు? అనుమానం వచ్చింది గానీ, పరీక్షించకుండా ఎవరి మీదా తప్పు రాయకూడదు. అదీ నా ఉద్యోగ ధర్మమే.

మా ఆయనకి వాల్వ్ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి "ఇంతేనా?" అన్నారు. ఇంతే. పరికరంతో పాత తప్పులు చెరిపేస్తే లైటు ఆరిపోయింది, కంప్యూటర్ జ్ఞాపకమంతా మళ్ళీ తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి అన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి. రోజూ నడుపుతూ వచ్చాను. ఇక రెండే మిగిలాయి. అందులో ఈ ఆవిరి సంగతి చూసుకునే పరీక్ష ఒకటి. ట్యాంకు సగమో, ఆ చుట్టుపక్కలో ఉంటేనే అది మొదలవుతుంది. నిండా ఉన్నా చెయ్యదు, అడుగంటినా చెయ్యదు. "ట్రక్ సగం ట్యాంకు మీద ఉంది, ఎవరూ ముట్టుకోకండి, రేపు పొద్దున చల్లగా ఉండగా స్టార్ట్ చేస్తే అయిపోతుంది" అని మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. "ఓకే ఓకే" అన్నారు. పుట్టినరోజు ఆ వచ్చే వారమే.

మర్నాడు శనివారమైనా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. తెల్లవారకముందే మేడ మీద గదిలో కాల్‌లో కూర్చున్నాను. కాఫీ కోసం కిందికొచ్చి కిటికీలోంచి చూస్తే వాకిలి ఖాళీ. అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబాయి గారు పట్టుకెళ్ళారు. గుడికి బియ్యం బస్తాలట. గంటలో వచ్చేస్తారు" అన్నారు మా ఆయన, పేపర్‌లోంచి తలెత్తకుండా.

"ముట్టుకోవద్దని నిన్ననే కదండీ చెప్పింది?"

"పెద్దాయన వచ్చి అడిగితే కాదంటామా? అయినా ఆయన ఫుల్ ట్యాంక్ చేసి మరీ తెస్తారు. మనకే కదా లాభం."

లాభం. ఆయన కారు తాళాలే తీసుకుని, వేసుకున్న చెప్పులతోనే బయల్దేరాను. బాబాయి గారికి ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నానమ్మా, గ్యాస్ కొట్టించి తెస్తాను" అన్నారు. ఆగండి అనేలోపే పెట్టేశారు.

మా వీధి మలుపులో ఉన్న బంకులోనే దొరికారు. నీలం ట్రక్కు పక్కన నిలబడి, తెల్ల టోపీ పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా పంపు పట్టుకుని ఉన్నారు. నేను కారు ఆపి దిగేసరికి క్లిక్‌మంది. ఆయన ఒక్క క్షణం ఆగి మళ్ళీ నొక్కారు. మళ్ళీ క్లిక్. మళ్ళీ నొక్కారు. వంగి మూతిలోకి చూశారు. పాలు పొంగుతాయేమోనని గిన్నెలోకి చూసినట్టు.

"బాబాయి గారూ, ఆపండి."

"అయిపోయిందమ్మా, ఇంకొక్క చుక్క. అంచుదాకా రాలేదు."

నేను పంపు ఆయన చేతిలోంచి తీసుకుని తగిలించేశాను. పెద్దాయన చేతిలోంచి వస్తువు లాక్కోవడం నా జన్మలో అదే మొదలు. ఆయన తెల్లబోయారు. అప్పుడు చెప్పాను. క్లిక్‌మన్నాక పోస్తే ఏమవుతుందో, వాల్వ్ ఎలా చెడిందో, పరీక్షలో నన్నెలా తిప్పి పంపారో, సగం ట్యాంకు ఎందుకు ఉంచానో, పుట్టినరోజు లోపు పాసవకపోతే నా బండి నాకుండదని. గొంతు ఎంత లేచిందో నాకు తెలీదు. పక్క పంపు దగ్గరున్న మనిషి మావైపే చూస్తున్నాడు.

బాబాయి గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "ఒకళ్ళ వస్తువు వాడుకుని వెలితిగా ఎలా ఇవ్వనమ్మా" అన్నారు. "నేనే కాదు, వాడుకున్న వాళ్ళందరికీ నేనే చెప్పాను, క్లిక్‌మన్నాక కూడా పడుతుంది, నిండుగా పొయ్యండి, మర్యాదగా ఉంటుందని. ఇన్నేళ్ళూ ఒక్కళ్ళైనా వద్దని చెప్పలేదే?"

"మీరు నాకెప్పుడు తెచ్చిచ్చారు బాబాయి గారూ చెప్పడానికి?"

ఆయన కళ్ళు దించుకున్నారు. పాపమనిపించింది. ఆ పాపం అనిపించడం కూడా నాకు కోపమే తెప్పించింది, ఎందుకంటే ఇలాంటప్పుడు కరిగిపోయే కదా ఇన్నేళ్ళు గడిపాను. కానీ ఆయన వెంటనే తలెత్తి, ఎంతో బాధ్యతగా, "నేను అబ్బాయితో మాట్లాడతాలే. ట్రక్‌ని కాస్త జాగ్రత్తగా చూసుకోమని చెబుతాను" అన్నారు.

అబ్బాయంటే మా ఆయన. ఏం చెప్పమంటారు. ఆయన కారు తాళాలు బాబాయి గారి చేతిలో పెట్టి, ఆ కారు మా ఇంటి దగ్గర వదిలెయ్యండి అని చెప్పి, నేను నా ట్రక్కెక్కి కూర్చున్నాను. స్టార్ట్ చేస్తే తడబడి, దగ్గి, అందుకుంది. కొత్త వాల్వ్ కూడా ఆ పూటకే పోయిందేమోనని డాష్‌బోర్డు వైపు చూశాను.

లైటు మాత్రం రాలేదు. ఇక చేసేది ఒకటే, పోసిందాన్ని తగలెయ్యాలి. ఆ వారమంతా ఆఫీసు మొదలవ్వకముందు ఫోర్ హండ్రెడ్ హైవే ఎక్కి ఉత్తరంగా కొండల వైపు వెళ్ళి వచ్చాను. ఒక పనంటూ లేదు, ఎవరినీ దింపేది లేదు, ఎక్కించుకునేది లేదు. వెనక తొట్టి ఖాళీగా గలగలమంటోంది. గాలిని పాడుచెయ్యని బండి అని ఒక కాగితం సంపాదించడం కోసం పనికిమాలి పెట్రోలు కాల్చుకుంటూ తిరుగుతున్నాను. దారిలో గట్టిగానే మాట్లాడుకున్నాను, మా ఆయనతో, షాపాయనతో, బాబాయి గారితో, వీసా ఇచ్చిన వాళ్ళతో కూడా. ఎవరూ ఎదురు చెప్పలేదు. కొండలు కనబడేసరికి గొంతు ఎండిపోయేది. కాసేపు ఊరికే నడిపేదాన్ని, అది మాత్రం బాగుండేది.

పుట్టినరోజు పొద్దున పరికరం పెట్టి చూస్తే రెండూ అయిపోయాయి. మళ్ళీ అదే చోటికి వెళ్ళాను, ఆ అమ్మాయే ఉంది. వైరు పెట్టి, తెర చూసి, ఈసారి తల నిలువుగా ఊపింది. కాగితం చేతిలో పెట్టి, "ఎవరు బాగుచేశారు?" అని అడిగింది. నేనేనని చెప్పాను. "మంచిది" అని తర్వాతి బండిని రమ్మంది. అంతే, ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు, మీవారేరని అడగలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

కొత్త స్టిక్కర్ అంటించుకుని ఇంటికొచ్చేసరికి మా ఆయన ఫోన్‌లో ఉన్నారు. కాగితం చూపించగానే మొహం వెలిగిపోయింది. నాకు బొటనవేలు ఎత్తి చూపించి, ఫోన్‌లో "అదేనండీ, ఇప్పుడే పాసయింది. ట్రక్ ఫస్ట్ క్లాస్‌గా ఉంది. శనివారమేగా, వచ్చి తీసుకెళ్ళండి, దానికేముంది" అన్నారు.

చెయ్యి చాపాను. ఆయన అర్థంకాక ఫోన్ ఇచ్చేశారు.

"నమస్కారమండీ. ట్రక్ నాది. శనివారం కుదరదు" అన్నాను.

అవతలి మనిషి నవ్వి, "సరేనమ్మా, ఒకసారి మీవారికివ్వండి" అన్నారు.

"ఆయనకిచ్చినా జవాబు ఇదేనండీ" అని పెట్టేశాను.

మా ఆయన మొహంలో వెలుగు పోయింది. తిట్టలేదు, అరవలేదు. ఫోన్ తీసుకుని, దాన్నే చూస్తూ, "నా మాట పోయింది. పుట్టినరోజు పూట ఎందుకంత కోపం నీకు" అన్నారు. తర్వాత, నిజంగానే అర్థంకానట్టు, "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇవ్వనని అన్నావా నువ్వు?" అన్నారు.

"ఒక్కసారైనా నన్ను అడిగారా?"

ఆయన కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా, "అడిగితే ఏమనేదానివి?" అన్నారు.

"ఇచ్చేదాన్ని" అన్నాను. "ప్రతిసారీ ఇచ్చేదాన్ని."